డీజిల్ లారీ సైలెన్సర్ నుంచి మంట రప్పించవచ్చా? షెడ్డులో 22,000 అడుగుతున్నారు

పరకాల_పది_టైర్లు
మాది 2014 మోడల్ పది టైర్ల లారీ. సీజన్‌లో జమ్మికుంట, ఎనుమాముల యార్డుల నుంచి జిన్నింగ్ మిల్లులకు పత్తి తోలుతాము, మిగతా రోజుల్లో బియ్యం గాని సిమెంటు గాని ఏ కిరాయి దొరికితే అది. నాన్నకు ఆరోగ్యం బాగుండక రెండేళ్లుగా స్టీరింగు నేనే పట్టాను. ఈ దసరాకు ఆయుధపూజ నాటికి సైలెన్సర్ గొట్టాన్ని క్యాబిన్ వెనుక నిలువుగా లేపి, దాని కొన నుంచి మంట వచ్చేలా చేయించాలని నా కోరిక. విదేశీ ట్రక్కుల వీడియోలు చూసినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. ఒక షెడ్డులో అడిగితే, గొట్టం కొనకు స్పార్క్ ప్లగ్గు, పక్కన చిన్న పెట్రోలు డబ్బా, దానికొక మోటారు పెట్టి 22,000 రూపాయలకు చేసిస్తామన్నారు. దీని వల్ల ఇంజిన్‌కు నష్టం ఉంటుందా, ఫిట్‌నెస్‌కు వెళ్లే ముందు విప్పేస్తే సరిపోతుందా అన్నవి నా అనుమానాలు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పోయిన నెల రాత్రిపూట నిండు లోడుతో కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కుతుంటే సైలెన్సర్ కొనలో జానెడు మంట కనబడిందని వెనుక వస్తున్న ఆటో అతను బండి ఆపించి మరీ చెప్పాడు. మా ఇంజిన్‌కు మంట వచ్చే గుణం ముందే ఉన్నట్లుంది కాబట్టి దాన్నే కొంచెం పెంచితే పెట్రోలు డబ్బా అవసరం లేదేమో.

హన్మకొండ_జిప్సీ
నా పాత కార్బురేటర్ జిప్సీకి ప్లగ్గు పెట్టించి రెండేళ్లయింది. ఇప్పటి వరకు ఏమీ కాలేదు. మంచి మేస్త్రీ చేతిలో పెడితే భయపడాల్సిన పని లేదు. 22,000 మాత్రం ఎక్కువ అడిగారు.

ఆటోనగర్_మేస్త్రీ
జిప్సీ పెట్రోలు బండి, లారీ డీజిల్ బండి. ముందు ఈ తేడా అర్థమైతే మిగతావన్నీ అవే తేలిపోతాయి.

పెట్రోలు ఇంజిన్‌లో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలిని తూచినట్లుగా కలిపి లోపలికి పంపి ప్లగ్గుతో అంటిస్తారు. ప్లగ్గుకు ఒక్క క్షణం కరెంటు ఆపితే ఆ మిశ్రమం కాలకుండానే బయటికి పోతుంది. సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరిని విడుస్తుంది కాబట్టి, గొట్టం కొనలో ఒక్క నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. జిప్సీ అన్న బండిలో జరిగేది ఇదే.

డీజిల్ ఇంజిన్ అలా పనిచేయదు. అందులో ప్లగ్గు లేదు, గాలిని అడ్డుకునే థ్రాటిల్ లేదు. ఎప్పుడూ అవసరానికి మించిన గాలినే పీల్చుకుంటుంది, ఎంత డీజిల్ కొట్టాలో పంపు చూసుకుంటుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసిన వెంటనే డీజిల్ ఆగిపోతుంది కనుక కాలకుండా మిగిలి వెనక్కి వచ్చేది ఏమీ ఉండదు. పంపు పెంచి అవసరానికి మించి డీజిల్ కొట్టించినా గొట్టంలో నుంచి వచ్చేది నల్లపొగే. ఆ మసి వెనుక వచ్చే వాళ్ల కళ్లలో పడుతుంది, లోపల వేడి పెరిగి పిస్టన్ తల కరుగుతుంది. అందుకే షెడ్డు అతను పెట్రోలు డబ్బా వేరే పెడతానన్నాడు. అతను ఇంజిన్ నుంచి మంట రప్పించడం లేదు, మీ లారీకి ఒక పొయ్యిని వెల్డింగ్ చేస్తున్నాడు.

ఇక మీ ఆఖరి మాట, కాజీపేట బ్రిడ్జి మీద కనిపించిన ఆ జానెడు మంట, నాకు ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయంగా తోస్తున్నది. డీజిల్ బండికి మంట సహజ గుణం కాదు. మీ బండికి టర్బో ఉందా? ఆయిల్ మార్పుకూ మార్పుకూ మధ్య ఎన్ని లీటర్లు పైన పోస్తున్నారు? చలి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పొగ నీలం రంగులో ఉంటుందా?

కపాస్_ఎనుమాముల
పత్తి తోలే బండికి మంట పెట్టించాలని అడుగుతున్నారు తమ్ముడూ. మేస్త్రీ గారి ప్రశ్నలకు మీరు జవాబు ఇచ్చే లోగా నేను కళ్లారా చూసినది రాస్తాను.

నేను ఇరవై ఏళ్లుగా పత్తి కొంటున్నాను. ఐదారేళ్ల కింద నేను కొన్న లూజు పత్తి ఒక లారీలో మిల్లుకు పోతున్నది. నేను వెనుక బైక్ మీద ఉన్నాను. దారిలో ఒక చోట కాలిన బట్ట వాసన వచ్చింది. బండి ఆపించి చూస్తే ఎక్కడా మంట లేదు, పట్టా అంచు కింద నుంచి సన్నని తెల్లపొగ మాత్రం దారంలా లేస్తున్నది. క్లీనర్ పిల్లవాడు పైకెక్కి తాడు విప్పి పట్టాను ఒక మూల లేపాడు. అంతవరకు లోపల కుంపటిలా రాజుకుంటున్న పత్తికి ఒక్కసారిగా గాలి తగిలి, పట్టా ఎంత మేర లేచిందో అంత మేర మంట పరుగెత్తింది. ఆ పిల్లవాడు అవతలికి దూకాడు కాబట్టి బతికాడు, కాలు మాత్రం విరిగింది. ఫైరింజన్ వచ్చే సరికి పైన చెక్కలన్నీ అంటుకున్నాయి. సైలెన్సర్‌కు అతుకు దగ్గర చిల్లు పడి, అక్కడి నుంచి ఎగిరిన నిప్పు కణికతో అంటుకుందని తర్వాత తేలింది. అది ఎవరూ కావాలని పెట్టింది కాదు, రూపాయి బిళ్లంత చిల్లు.

నొక్కి కట్టిన 170 కిలోల బేలు అంటుకుంటే ఇంకా కష్టం. పైన నీళ్లు కొట్టి ఆరిందనుకుంటాము, లోపల రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. మిల్లు గేటులో బీడీ వెలిగించనివ్వరు, అగ్గిపెట్టె జేబులో ఉంటేనే వాచ్‌మన్ తీసి పక్కన పెడతాడు. అలాంటి గేటులోకి మంట కక్కే బండిని ఎవరు రానిస్తారు?

పరకాల_పది_టైర్లు
కపాస్ అన్నా, లోడు ఉన్నప్పుడు వాడను. దసరా నాడు, పెళ్లి బారాత్‌లలో ఖాళీ బండితో మాత్రమే వాడుతాను. మేస్త్రీ గారూ, టర్బో ఉంది. ఆయిల్ పదిహేను రోజులకు రెండు లీటర్ల దాకా పోస్తున్నాము. పాత బండి కదా, తాగుతుందిలే అని నాన్న అంటారు. పొగ రంగు రేపు పొద్దున చూసి చెబుతాను.

హన్మకొండ_జిప్సీ
అతనే ఖాళీ బండితో అంటున్నాడు కదా. ఊరి బయట ఖాళీ జాగాలో, పక్కన మంట ఆర్పే సిలిండర్ పెట్టుకుని చేసుకుంటే ఎవరికి నష్టం? ప్రతి సరదాకూ అడ్డుచెబితే పిల్లలు దొంగచాటుగా చేస్తారు, అప్పుడు ఇంకా ప్రమాదం.

నర్సంపేట_స్టాఫ్‌నర్సు
బారాత్ ఖాళీ జాగా కాదు. బారాత్‌లో బండి చుట్టూ ఉండేది పిల్లలు, మెడలో నైలాన్ చున్నీలు, పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు. నేను కాలిన గాయాల వార్డులో ఆరేళ్లు పనిచేశాను. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, మోటారు నుంచి కారిన నాలుగు చుక్కలు ఆవిరై కంటికి కనబడకుండా నేల వెంట పాకుతాయి. మంట గొట్టం కొన నుంచి వచ్చినా అంటుకునేది కాళ్ల దగ్గర కావచ్చు. నైలాన్ బట్ట కాలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది, దాన్ని మేము గాయం నుంచి పొరలు పొరలుగా తీయాల్సి వస్తుంది. ఒక పదకొండేళ్ల పాపకు అలా తీస్తున్నప్పుడు ఆమె ఏడవకుండా నా చేతి వేళ్లను లెక్కపెడుతూ కూర్చున్నది. ఆ లెక్క నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ఈ చర్చ చదివే వారికి ఉపయోగపడుతుందని ఇది కూడా రాస్తున్నాను. ఎవరికైనా ఒళ్లు కాలితే వెంటనే మామూలు చల్లని నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, కొబ్బరినూనె ఏవీ పూయకండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. అతుక్కున్న బట్టను మాత్రం లాగకండి.

విశ్రాంత_ఎంవీఐ
ఫిట్‌నెస్‌కు ముందు విప్పేస్తే సరిపోతుందా అని అడిగారు, సరిపోదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ 4వ ఉపసెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. పొగ, శబ్దం ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. మీకు డ్రైవింగే జీవనాధారం కనుక ఈ చివరిది గమనించండి. ఇవన్నీ రోడ్డు మీద ఏ రోజైనా, ఏ తనిఖీలోనైనా వర్తిస్తాయి, ఫిట్‌నెస్ రోజుకు మాత్రమే పరిమితం కావు.

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడిని కనుక ఇంకొకటి కూడా చెబుతాను, ప్రమాదకర సరుకు మోసే బండ్లకు నిప్పురవ్వలు బయటికి రాకుండా స్పార్క్ అరెస్టర్ తప్పనిసరి అని 1989 కేంద్ర నిబంధనల్లో 129ఎ నిబంధన ఉంది. అంటే ఒక్క రవ్వ కూడా బయటికి రాకూడదని కొందరు డబ్బు పెట్టి జాలీ బిగించుకుంటున్నారు. పెట్రోలు ట్యాంకరు, మీ లారీ ఒకే సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగుతాయన్నది గుర్తుంచుకోండి.

సర్వేయర్_కరీంనగర్
పెద్దాయన చెప్పినదానికి బీమా సంగతి జోడిస్తాను. బండి కాలితే మేము మొదట చూసేది మంట ఎక్కడ మొదలైందన్నదే. కాలిన బండిలో కూడా వెల్డింగు చేసిన అదనపు గొట్టం, కాయిల్ వైరు, డబ్బా బిగించిన క్లాంపు మిగిలే ఉంటాయి, ఇనుము ఎక్కడికీ పోదు. తెలియజేయని మార్పు వల్లే నష్టం జరిగిందని నివేదికలో రాస్తే సొంత బండి క్లెయిము నిలబడడం చాలా కష్టం. ఫైనాన్సు వాయిదాలు మాత్రం ఆగవు.

పరకాల_పది_టైర్లు
నేను ఒప్పుకోవడానికి కష్టంగానే ఉంది. విదేశాల్లో వేల మంది ముందు ట్రక్కులతో మంటలు కక్కిస్తున్నారు, వాళ్లకు ఈ ప్రమాదాలు తెలియవా? వాళ్ల దగ్గర సాధ్యమైంది మన దగ్గర ఎందుకు కాదు?

కేయూ_భౌతికశాస్త్రం
మీ ప్రశ్న న్యాయమైనదే కాబట్టి సూటిగా జవాబు చెబుతాను. మీరు వీడియోల్లో చూసినవాటిలో బాగా పేరున్నది అమెరికాలోని షాక్‌వేవ్ అనే ట్రక్కు కావచ్చు. దాని వెనుక ఉన్నవి డీజిల్ ఇంజిన్లు కావు, మూడు వెస్టింగ్‌హౌస్ జె34 విమాన జెట్ ఇంజిన్లు. అది గంటకు 376 మైళ్లు, అంటే సుమారు 605 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. దాని మంట ఆఫ్టర్‌బర్నర్ మంట. జెట్ ఇంజిన్ నుంచి వచ్చే వేడి వాయువులో ఇంకా చాలా ఆక్సిజన్ మిగిలి ఉంటుంది, అందులోకి మరింత ఇంధనాన్ని చిమ్మితే అది మళ్లీ మండి తోపును పెంచుతుంది. యుద్ధ విమానాల వెనుక కనబడేది కూడా ఇదే. మీ షెడ్డు అతను పెట్రోలు డబ్బాతో చేస్తానన్నది సూత్రరీత్యా దీనికి దూరపు చుట్టమే. అక్కడ ఆ మంటను తట్టుకోవడానికి ప్రత్యేక లోహాలతో చేసిన గొట్టం, దూరంగా నిలబెట్టిన ప్రేక్షకులు, సిద్ధంగా ఉన్న ఫైరింజన్లు, అగ్నినిరోధక దుస్తుల్లో డ్రైవరు ఉంటారు. ఇవన్నీ ఉండి కూడా 2022 జులై 2న మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ ప్రదర్శనలో ఆ ట్రక్కు ప్రమాదానికి గురై దాని డ్రైవరు మరణించాడు.

ట్రాక్టర్ లాగుడు పోటీల్లో నిలువు గొట్టాల నుంచి కనబడే మంట వేరు. అక్కడ కొద్ది సెకన్ల పరుగు కోసం ఇంజిన్‌కు ఊపిరాడనంత ఇంధనం పోస్తారు. పోటీ ముగిశాక ఇంజిన్ విప్పి చూసుకునే వారికే అది చెల్లుతుంది, మరునాడు పొద్దున కిరాయికి పోవాల్సిన బండికి చెల్లదు.

జమ్మికుంట_డ్రైవర్
గ్యాసు సిలిండర్ పెట్టించుకోమని కూడా కొందరు చెబుతారు, అది అసలు వినకండి. ఇంటి సిలిండర్‌ను బండికి బిగించడమే నేరం, లీకైతే గ్యాసు కూడా నేల మీదే పరుచుకుంటుంది.

హన్మకొండ_జిప్సీ
నర్సు మేడం రాసింది చదివిన తర్వాత బారాత్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఖాళీ జాగా విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. అయితే మేస్త్రీ గారిని ఒకటి అడగాలి. ఆరు నెలలుగా నా బండి మఫ్లర్‌లో గలగలమని శబ్దం వస్తున్నది, దానికీ ఈ ప్లగ్గుకూ సంబంధం ఉందా?

ఆటోనగర్_మేస్త్రీ
ఉంది. మిశ్రమం గొట్టం కొన దాకా రాకముందే లోపలే అంటుకుంటే మఫ్లర్‌లో చిన్న పేలుడు అవుతుంది. ప్రతిసారీ లోపలి అడ్డుపలకల వెల్డింగు కొద్దికొద్దిగా వదులవుతుంది, మీకు వినబడుతున్నది ఊడిన పలక. ఇంకొన్నాళ్లకు అతుకు విచ్చుకుంటుంది. అది పెట్రోలు ట్యాంకుకు ఎంత దూరంలో ఉందో బండి కిందికి వంగి ఒకసారి చూడండి. కొత్త బండ్లలో అయితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి తేనెతుట్టె లాంటి భాగం కరిగి ముద్దవుతుంది.

హన్మకొండ_జిప్సీ
చూశాను. బెత్తెడు దూరం కూడా లేదు. ప్లగ్గు వైరు తీసేశాను, మఫ్లర్ మార్పిస్తాను.

పరకాల_పది_టైర్లు
మేస్త్రీ గారూ, ఈ పొద్దున చూశాను. స్టార్ట్ చేయగానే నీలం పొగ బాగానే వచ్చింది, వేడెక్కాక తగ్గింది. లోడు మీద ఎక్కేటప్పుడు మళ్లీ వస్తున్నదని క్లీనర్ చెప్పాడు.

ఆటోనగర్_మేస్త్రీ
నేను అనుకున్నదే. మీ టర్బో ఆయిల్ వదులుతున్నది.

టర్బోలో ఒకే కడ్డీకి రెండు వైపులా రెండు చక్రాలు ఉంటాయి. ఒకదాన్ని సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ తిప్పుతుంది, రెండోది ఇంజిన్‌కు గాలిని నొక్కి పంపుతుంది. ఆ కడ్డీ నిమిషానికి లక్ష చుట్లకు దగ్గరగా తిరుగుతుంది, ఇంజిన్ ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. కొన దగ్గరి సీలు అరిగినా, ఆయిల్ తిరిగి కిందికి దిగే గొట్టం మూసుకున్నా ఆ ఆయిల్ వేడి చక్రం వైపు కారి సైలెన్సర్‌లో చేరుతుంది. మామూలుగా నీలం పొగగా పోతుంది, నిండు లోడుతో ఎత్తు ఎక్కుతూ గొట్టం బాగా కాలినప్పుడు అంటుకుంటుంది. ఆటో అతను చూసిన జానెడు మంట అదే.

అది రెండో వైపు, అంటే గాలి చక్రం వైపు కారడం మొదలైతే మంట కంటే పెద్ద గండం. ఇంజిన్ తన ఆయిల్‌నే డీజిల్‌లా తాగుతూ దానంతట అది పరుగు పెంచుకుంటుంది, తాళం తీసినా ఆగదు. గాలి పీల్చే మూతిని మూసేస్తేనో, పెద్ద గేరులో బ్రేకు తొక్కి క్లచ్ వదిలి గొంతు నొక్కితేనో ఆగుతుంది. మా షెడ్డు ముందు ఒక బండి అలా అరుస్తుంటే డ్రైవరు దిగి పరుగెత్తాడు, ఇంజిన్ బ్లాకు చీల్చుకుని కనెక్టింగ్ రాడ్డు రోడ్డు మీద పడింది.

రేపే బండి నిలిపి, చల్లారిన తర్వాత టర్బో నుంచి సైలెన్సర్‌కు పోయే గొట్టం విప్పి లోపల వేలు పెట్టి చూడండి. వేలికి పొడి మసి అంటితే మంచిది. తడిగా, నిగనిగలాడుతూ అంటితే ఆయిల్. తర్వాత కడ్డీని వేళ్లతో పట్టుకుని కదిలించండి. పక్కలకు కొంచెం ఆడడం మామూలే, ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంతగా ఆడకూడదు.

కపాస్_ఎనుమాముల
తమ్ముడూ, అది బాగయ్యే దాకా పత్తి లోడు ఎక్కించకండి. కిరాయి పోతుందని సంకోచించకండి, సీజన్‌లో లోడు మళ్లీ దొరుకుతుంది.

బాడీ_ఆర్టిస్ట్_వరంగల్
మంట మీద అంత మోజు ఉంటే నాకు క్యాబిన్ తలుపులు ఇవ్వండి. పసుపు పునాది మీద నారింజ, దాని మీద ఎరుపు, కొనలకు సన్నగా నలుపు తేల్చి ఎయిర్‌బ్రష్‌తో లాగితే ఎండలో చూసినవారు చేయి పెట్టి చూస్తారు. మన దగ్గర లారీలకు పులులు, నెమళ్లు వేసిన చేయి నాది. దసరాకు వారం ముందు బండి ఇస్తే చాలు.

పరకాల_పది_టైర్లు
నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. గొట్టం విప్పి వేలు పెడితే నల్లని బెల్లం పాకంలా అంటింది. టర్బో కింద ఆయిల్ దిగే గొట్టం ఎప్పుడో ఏదో పనిలో వంగిపోయి సగం మూసుకుని ఉంది, ఇంజిన్ బ్రీదర్ గొట్టంలో కూడా మడ్డి పేరుకుంది. కడ్డీ ముందుకూ వెనక్కూ ఆడుతున్నది. షెడ్డు అతనికి ఇవ్వాలని దాచిన 22,000 రూపాయలకు ఇంకో ఆరువేలు కలిపి టర్బో లోపలి భాగం, రెండు గొట్టాలు మార్పించాను. పని జరుగుతున్నంతసేపు నాన్న అక్కడే స్టూలు మీద కూర్చుని చూశారు. పాత బండి తాగుతుందిలే అన్న మాట తనదేనని ఆయనకు బాధగా ఉంది. తలుపుల మీద బొమ్మలకు ఆర్టిస్ట్ అన్నతో మాట్లాడాను.

ఆటోనగర్_మేస్త్రీ
కొత్త టర్బోకు మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఆయిల్ పోసి నింపారా? రోజూ బండి ఆపే ముందు రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపండి. వేడి మీద టప్పున ఆపితే కడ్డీ దగ్గర నిలిచిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

పరకాల_పది_టైర్లు
నింపారు. నిన్న రాత్రి బియ్యం నిండు లోడుతో అదే కాజీపేట బ్రిడ్జి ఎక్కాను. మా తమ్ముడిని వెనుక బైక్ మీద రమ్మని, సైలెన్సర్ కొన మీద నుంచి చూపు తిప్పవద్దని చెప్పాను. మంట లేదు, నీలం పొగ లేదు. 400 కిలోమీటర్లు నడిచాక కూడా ఆయిల్ పుల్ల మీద మొదటి గీత దగ్గరే ఉంది.

ఆటోనగర్_మేస్త్రీ
వెయ్యి నిండిన తర్వాత ఆ గీత మళ్లీ చూసి ఇక్కడ రాయండి.